మెడలో మూలం, తల వెనక మచ్చ: నా అనుభవం

ఎమ్మారై రిపోర్టు చేతికి వచ్చేనాటికే మెడ గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే నా ఎడమ కెరోటిడ్ ధమని ఇరుకైందని నాకు తెలుసు. ఆ ఇరుకు పైన మెదడులో ఏం చేసిపెట్టిందో మాత్రం తెలియదు. రిపోర్టులో రెండు సంగతులున్నాయి. మెదడు ఎడమ సగంలో, లోపలి తెల్ల పదార్థంలో వరుసగా కొన్ని చిన్న మచ్చలు. అదే పక్క బాగా వెనక, చూపుకు సంబంధించిన ఆక్సిపిటల్ భాగంలో, కాస్త పెద్ద మచ్చ ఒకటి. అన్నీ పాత ఇన్‌ఫార్క్ట్‌లే అని కింద తేల్చారు. అంటే ఎప్పుడో రక్తం అందక అక్కడి కణజాలం చనిపోయింది. నాకు చెయ్యి పడిపోలేదు, మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు. ఇలాంటివాటిని వైద్యులు సైలెంట్ స్ట్రోక్ అంటారు. వయసు మళ్లినవారిలో ఇవి అరుదేమీ కాదు. అయితే ఇవి ఉన్నవారికి ముందు ముందు అసలైన పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువ. మతిమరుపు జబ్బు ముప్పు కూడా రెట్టింపు దాటిందని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2003లో ప్రకటించారు.

మచ్చల సంగతికి తర్వాత వస్తాను. ముందు మెడ సంగతి. బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఒక కుర్ర డాక్టరు స్టెతస్కోపును గుండె మీద పెట్టి ఊరుకోకుండా, మెడకు రెండు పక్కలా ఆనించి "ఒక్క క్షణం ఊపిరి బిగపట్టండి మాస్టారూ" అన్నాడు. నేను లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఊళ్లో సగం మందికి మాస్టారునే. ఎడమ పక్క హోరు వినిపిస్తోందట. ఆ హోరు ఉన్నంత మాత్రాన ఇరుకు ఉన్నట్టు కాదు, లేనంత మాత్రాన లేనట్టూ కాదు అని కూడా అతనే చెప్పి, ధమనిలో రక్తం పారే తీరును శబ్ద తరంగాలతో చూసే డాప్లర్ పరీక్ష రాశాడు.

డాప్లర్ గదిలో నాకు గుర్తుండిపోయింది శబ్దమే. కుడి పక్క ప్రోబు పెట్టినప్పుడు గుండె లయతో పాటు నిండుగా, మెత్తగా వినిపించింది. ఎడమ పక్క దవడ కిందికి జరిపేసరికి అది పలచబడి సన్నటి ఈలగా మారింది. తెర మీద వేగం సెకనుకు 310 సెంటీమీటర్లు. మెదడుకు వెళ్లే అంతర్గత కెరోటిడ్‌లో మామూలుగా ఇది 125 లోపు ఉంటుంది. 230 దాటితే ధమని 70 శాతమో అంతకు మించో పూడిపోయి ఉండవచ్చని అంచనా. దారి సన్నబడిన చోట రక్తం వేగంగా పోక తప్పదు. మెడలోని పెద్ద కెరోటిడ్, దవడకు కాస్త దిగువన రెండుగా చీలుతుంది. ఒకటి ముఖానికి, రెండోది మెదడుకు. రెండోది మొదలయ్యే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కడ బయటి గోడ వెంబడి రక్తం నెమ్మదించి సుడి తిరుగుతుంది. ఏళ్ల తరబడి కొవ్వు పేరుకునేది ఎక్కువగా ఆ గోడకే.

రక్తనాళాలను చూపించే సీటీ యాంజియోగ్రామ్ తీయించాక అంకెల తగువు మొదలైంది. ఒక కాగితంలో 72 శాతం ఇరుకు అని ఉంది. అవే బొమ్మలు చూసిన మరో నిపుణుడి కాగితంలో 82 అని ఉంది. ఎవరిది తప్పు అని అడిగితే రేడియాలజిస్టు నవ్వి, ఇద్దరిదీ ఒప్పే అన్నారు. అత్యంత సన్నని చోట నా ధమనిలో మిగిలిన దారి 1.4 మిల్లీమీటర్లు. దాన్ని పైన బాగున్న చోటి 5 మిల్లీమీటర్లతో పోలిస్తే ఇరుకు 72 శాతం. ఇది 1991లో ఫలితాలు వచ్చిన నాసెట్ అనే ఉత్తర అమెరికా పరిశోధన పద్ధతి. పూడిక రాకముందు ఆ ఉబ్బు దగ్గరే ఉండి ఉండాల్సిన వెడల్పుతో, అంటే సుమారు 8 మిల్లీమీటర్లతో పోలిస్తే 82.5. ఇది యూరప్ పరిశోధన పద్ధతి. నేను అక్కడితో ఆగలేక వ్యాసానికి బదులు వైశాల్యం లెక్క కట్టాను. ఆ ఉబ్బు లెక్కన 97 శాతం మూసుకుపోయినట్టు! ఆయన ముఖం చిట్లించి, "అది ఇంట్లో చెప్పకండి మాస్టారూ, భయపడతారు" అన్నారు. ఎవరైనా శాతం చెబితే ఏ వెడల్పుతో పోల్చారో అడగండి. రెండు చోట్ల తీయించిన రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని జబ్బు ముదిరిందని కంగారుపడేవారు నాకు తారసపడ్డారు. వారిలో కొందరికి మారింది పద్ధతి మాత్రమే.

ఇక మచ్చలు. ముందుగా చూపించుకున్న నిపుణుడు తెల్ల పదార్థంలోని మచ్చల గురించి అంతగా సందేహించలేదు. వెనక మచ్చ దగ్గర మాత్రం ఆగారు. "మెదడు వెనక భాగానికి రక్తం వచ్చేది వెన్నుపూసల పక్కనుంచి పైకెళ్లే ధమనుల ద్వారా. కెరోటిడ్‌కు దానితో సంబంధం లేదు. గుండెలో గడ్డ కట్టి వెళ్లిందేమో చూద్దాం" అన్నారు. ఆ మాటలో తర్కం ఉంది, పాఠ్యపుస్తకం చెప్పేదీ అదే. గుండె స్కాన్ తీశారు, లయ తప్పుతోందేమోనని ఒంటికి యంత్రం కట్టి పంపారు. ఏమీ దొరకలేదు.

తర్వాత వెళ్లిన న్యూరాలజిస్టు నా కాగితాలు పక్కన పెట్టి బొమ్మలున్న డిస్కు అడిగారు. సీటీ యాంజియోగ్రామ్ మెడ కింది నుంచి నడినెత్తి దాకా తీస్తారు. నేనూ, నాకు తెలిసినంతలో చాలామందీ, చదివేది మెడ గురించి రాసిన పేరానే. ఆవిడ మౌసు చక్రం తిప్పుతూ మెదడు అడుగు దాకా వెళ్లి ఆగి, రిపోర్టు రెండో పేజీ చివర్లో ఉన్న ఒక వాక్యాన్ని వేలితో చూపించారు. 'ఎడమ పోస్టీరియర్ సెరిబ్రల్ ధమని ఫీటల్ మూలం, సాధారణ వైవిధ్యం.' నేను ఆ వాక్యాన్ని పదిసార్లు చదివి ఉంటాను. సాధారణం అన్నాక ఇంకేం పట్టించుకుంటాం?

ఆవిడ తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది ఇది. మెదడుకు నాలుగు ధమనులు వెళతాయి. ముందు రెండు కెరోటిడ్‌లు, వెనక రెండు వెర్టిబ్రల్ ధమనులు. వెనకవి రెండూ కలిసి బేసిలర్ అనే ఒకే ధమని అవుతాయి. అది మళ్లీ రెండు పోస్టీరియర్ సెరిబ్రల్ ధమనులుగా చీలి వెనక భాగానికి రక్తం ఇస్తుంది. ముందు వ్యవస్థనూ వెనక వ్యవస్థనూ, కుడినీ ఎడమనూ సన్నని లంకె ధమనులు కలుపుతూ మెదడు అడుగున ఒక వలయం ఏర్పడుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథంలో దాన్ని వివరించాడు. అందులోని బొమ్మల్లో ముఖ్యమైనవాటిని గీసింది క్రిస్టఫర్ రెన్, తర్వాత లండన్‌లో సెయింట్ పాల్ కెథెడ్రల్ కట్టిన వాస్తుశిల్పి. విల్లిస్ చెప్పిన ఒక రోగి కథ నాకు భలే నచ్చింది. వేరే జబ్బుతో చనిపోయిన ఒక మనిషిని కోసి చూస్తే ఒక కెరోటిడ్ రాయిలా గట్టిపడి పూర్తిగా మూసుకుపోయి ఉంది. బతికున్నన్నాళ్లూ అతనికి పక్షవాతం రాలేదు. అదే పక్క వెర్టిబ్రల్ ధమని లావెక్కి ఆ లోటు పూడ్చింది. ఒక దారి మూసుకుపోతే వలయంలోని ఇంకో దారి ఆదుకుంటుందని ఆనాడే గ్రహించాడు.

అయితే పుస్తకంలో గీసినట్టు అన్ని లంకెలూ సరిగ్గా ఉన్న వలయం సగం మందికి కూడా ఉండదు. ఒకరికి ఒక లంకె ఉండదు, మరొకరికి దారమంత సన్నగా ఉంటుంది. ధమనులు బాగున్నంత కాలం ఇదేమీ తేడా చేయదు, ఆ మనిషికి తెలియనే తెలియదు. నా విషయంలో రెండు తేడాలు ఒకే పక్క పడ్డాయి.

మొదటిది ఆ ఫీటల్ మూలం. తల్లి కడుపులో ఉన్నప్పుడు మెదడు వెనక భాగానికి కూడా రక్తం కెరోటిడ్ నుంచే వెళుతుంది. ఎదిగే కొద్దీ ఆ బాధ్యతను బేసిలర్ తీసుకుంటుంది. ఆ మార్పు జరగనివారు పది మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారు. నా ఎడమ పక్క బేసిలర్‌తో కలిపే ముక్క అసలు కనిపించలేదు. కాబట్టి వెనక మచ్చ ఉన్న ప్రాంతానికి రక్తం పంపుతున్నది ఆ ఇరుకైన కెరోటిడే. పూడిక మీద నుంచి రాలిన చిన్న గడ్డ నేరుగా వెనక్కి వెళ్లడానికి దారి ఉంది. గుండెలో ఎంత వెతికినా దొరకనిది మెడలో ఉంది.

రెండోది ముందు వైపు. కుడి కెరోటిడ్ రక్తం ఎడమకు దాటి రావాలంటే మెదడు ముందు భాగానికి వెళ్లే ఎడమ యాంటీరియర్ సెరిబ్రల్ ధమని మొదటి ముక్క గుండా వెనక్కి ప్రవహించాలి. నాకు ఆ ముక్క సన్నని గీత. వెరసి, మెదడు ఎడమ సగంలో చాలా భాగం ఒకే ధమని మీద ఆధారపడి ఉంది. ఆ ధమనిలో మిగిలిన దారి 1.4 మిల్లీమీటర్లు. తెల్ల పదార్థంలోని మచ్చలకూ దీనితోనే అర్థం దొరికింది. ఏ ధమనికైనా చిట్టచివర ఉండే సరిహద్దు ప్రాంతం అది. ఒత్తిడి తగ్గితే ముందుగా ఎండేది అక్కడే. అక్కడి మచ్చలు ముందు నుంచి వెనక్కి జపమాల పూసల్లా వరుసగా పడితే, రాలిన గడ్డల కంటే రక్తం చాలకపోవడాన్నే ఎక్కువగా అనుమానిస్తారు. అంటే నా తలలో రెండు రకాల నష్టం ఉంది. గడ్డ వెళ్లి ఇరుక్కున్న చోట ఒకటి, రక్తం చాలని చోట ఇంకొకటి. వలయం అసంపూర్ణంగా ఉన్నవారందరికీ ఇలా జరగదని ఆవిడ గట్టిగా చెప్పారు. పూడిక ఎంత, ఎలాంటిది, బీపీ ఎలా ఉంది, అన్నీ కలవాలి.

సాధారణ వైవిధ్యం అనే మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. కెరోటిడ్ బాగున్న మనిషికి అది నిజంగా సాధారణమే. కెరోటిడ్ ఇరుకైన మనిషి రిపోర్టులో మాత్రం అది మొదటి పేజీలో ఉండాలి. మెడ ఇరుకూ తల మచ్చా ఒకే రిపోర్టులో ఉండి కూడా, ఒకదాన్ని మరొకదానితో కలిపి చదివే మనిషి లేకపోతే అవి వేర్వేరు జబ్బులుగానే మిగిలిపోతాయి.

మచ్చ చూపు భాగంలో ఉంది కాబట్టి కంటి డాక్టరు దగ్గరికి పంపి చూపు పరిధి పరీక్ష చేయించారు. గుమ్మటం లాంటి తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. ఒక్కొక్క కన్ను మూసి చేశారు. కాగితం మీద రెండు కళ్లకూ ఒకే చోట, కుడి పక్క పై మూలన, నల్లటి ముక్క వచ్చింది. ఎడమ మెదడు వెనక దెబ్బ తగిలితే కుడి పక్క చూపు పోతుంది; రెండు కళ్లకూ ఒకేలా పోతుంది. నాకు ఏనాడూ అనిపించలేదు. మా ఆవిడ మాత్రం ఆ కాగితం చూసి, "అల్మరా పై అరలో కుడి చివర పుస్తకం కోసం మీరు మెడ మొత్తం తిప్పి వెతుకుతారెందుకా అనుకునేదాన్ని" అంది.

తర్వాత పుర్రె మీదుగా చేసే డాప్లర్. కణత దగ్గర ఎముక పలచగా ఉండే చోట ప్రోబు ఆనించి లోపలి ధమనిలో రక్తవేగం కొలుస్తారు. కొందరికి అక్కడ ఎముక మందంగా ఉండి తరంగం లోపలికే పోదు. నాకు పోయింది. ఊపిరి బిగపట్టమన్నారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు సన్ననాళాలు విప్పారి ప్రవాహం పెరగాలి. కుడి పక్క గీత చక్కగా పైకి లేచింది. ఎడమ పక్క దాదాపు కదల్లేదు. అక్కడి నాళాలు ఉన్న కాస్త రక్తాన్నీ లాక్కోవడానికి అప్పటికే పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి, ఇక విచ్చుకోవడానికి చోటు లేదు. అదే యంత్రాన్ని తలకు పట్టీతో కట్టి చాలాసేపు కదలకుండా పడుకోబెట్టారు. మామూలు హోరు మధ్యలో ఒక్కసారి 'కిచ్' మని శబ్దం వచ్చింది. టెక్నీషియన్ తల ఎత్తి చూసి గుర్తు పెట్టుకుంది. పూడిక మీద నుంచి రాలిన సూక్ష్మమైన ముక్క ధమనిలో కొట్టుకుపోతున్న చప్పుడట. నా తలలోకి వెళుతున్నదాన్ని నేనే విన్నాను.

ధమని కోసి పూడిక తీసేసే ఆపరేషనా, మందులతోనే సరిపెట్టడమా అన్నది అంత తేలికగా తెగలేదు. పక్షవాతం లక్షణాలు వచ్చి 70 శాతానికి పైగా ఇరుకున్నవారికి ఆపరేషన్ మేలని నాసెట్ తేల్చింది. రెండేళ్లలో అదే పక్క స్ట్రోక్ మందులతో 26 శాతం మందికి, ఆపరేషన్‌తో 9 శాతం మందికి వచ్చింది. లక్షణాలు లేనివారిలో తేడా అంత పెద్దది కాదు. 2004లో వచ్చిన ఏసీఎస్‌టీ పరిశోధనలో ఐదేళ్లకు స్ట్రోక్ ముప్పు వెంటనే ఆపరేషన్ చేసినవారిలో దాదాపు 6, వాయిదా వేసినవారిలో దాదాపు 12 శాతం. అదీ కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు ఇప్పుడున్నంత విరివిగా వాడని రోజుల్లో మొదలైన పరిశోధన. ఇప్పటి మందులతో ఆ ముప్పు తగ్గిందని, కాబట్టి లక్షణాలు లేనివారందరికీ కత్తి అక్కర్లేదని వాదించేవారి మాటలో బలం ఉంది. నేనూ మొదట ఆ పక్షమే. ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మాత్రలు వేసుకుని కూర్చుంటానన్నాను.

సర్జన్ నా ముందు పెట్టింది యూరప్ రక్తనాళాల (వాస్క్యులర్) సర్జన్ల సంఘం మార్గదర్శకాలు. లక్షణాలు లేకపోయినా ఎవరికి ముప్పు ఎక్కువో అందులో ఒక జాబితా ఉంది. స్కాన్‌లో నిశ్శబ్ద మచ్చ, మెదడులో రక్తం పెంచుకునే స్తోమత తగ్గడం, డాప్లర్‌లో రాలే ముక్కల చప్పుడు, ఇరుకు పెరుగుతూ పోవడం, పూడికలో రక్తస్రావం వంటివి. వాటిలో ఒక్కటి ఉన్నా ఆలోచించమంటారు; నాకు మొదటి మూడూ ఉన్నాయి. ఆపరేషన్‌లోనే స్ట్రోక్, మరణం ముప్పు 3 శాతం లోపు ఉండే చోటే చేయించుకోవాలన్నది అందులోని షరతు. తమ సొంత లెక్కలు చూపించమని నేను అడిగాను, చూపించారు. అడగడానికి మొహమాటపడకండి. స్టెంట్ సంగతీ మాట్లాడుకున్నాం. డెబ్బై దాటినవారిలో స్టెంట్ వేసేటప్పుడు స్ట్రోక్ వచ్చే అవకాశం ఆపరేషన్ కంటే ఎక్కువని, నాకు కోతే మంచిదని చెప్పారు. ఆపరేషన్ అయ్యే దాకా బీపీని ఒక్కసారిగా బాగా దించవద్దని న్యూరాలజిస్టు మా ఫిజీషియన్‌కు ప్రత్యేకంగా చీటీ రాశారు. పైన మెదడు ఆ ఒత్తిడి మీదే బతుకుతోంది కదా.

మత్తు పూర్తిగా ఇవ్వకుండా, మెడ మొద్దుబారేలా సూదులు వేసి మెలకువలోనే చేశారు. ధమనికి కాసేపు క్లిప్పు పెట్టి ప్రవాహం ఆపినప్పుడు మెదడు తట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి రోగి మాట, చేతి పట్టు కంటే మంచి యంత్రం లేదట. కుడి చేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారు. క్లిప్పు పెట్టే ముందు మత్తు డాక్టరు, "పదమూడో ఎక్కం చెప్పండి మాస్టారూ, బొమ్మ నొక్కుతూ ఉండండి" అన్నారు. నా జ్ఞాపకంలో నేను ఎక్కం మొత్తం చెప్పాను. ఆ మత్తు డాక్టరు చెప్పింది వేరు. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగిపోయానట, బొమ్మ చప్పుడూ ఆగిందట. వాళ్లు దీనికి సిద్ధంగానే ఉన్నారు. న్యూరాలజిస్టు గీసిన వలయం బొమ్మ చూసిన రోజే సర్జన్ షంట్ తీసి పక్కన పెట్టుకోవాలని రాసుకున్నారు. పూడిక కింది నుంచి పైకి రక్తం మోసే ప్లాస్టిక్ గొట్టం అది. గొట్టం పెట్టి ప్రవాహం రాగానే బొమ్మ మళ్లీ కీచుమందట. అక్కడి నుంచి నాకూ గుర్తుంది. ఎనిమిదో మెట్టు నుంచి మొదలుపెట్టి, ఏడోది మళ్లీ చెప్పమన్నందుకు విసుక్కున్నాను.

తీసిన పూడికను సీసాలో చూపించారు. పసుపుపచ్చగా, ధమని చీలిక ఆకారంలోనే రెండు కొమ్మలతో ఉంది. ఒక చోట గోడ పగిలి లోపల ముదురు ఎరుపు మరక. వెనక్కి వెళ్లిన గడ్డ బయలుదేరింది అక్కడి నుంచే అయి ఉండవచ్చన్నారు సర్జన్.

ఆ తర్వాతి రోజుల్లో భయమంతా బీపీ పెరగడం గురించే. ఇన్నాళ్లూ చాలీచాలని రక్తంతో ఉన్న మెదడులోకి ఒక్కసారిగా పూర్తి ప్రవాహం వస్తే అరుదుగా వాపు, రక్తస్రావం జరగవచ్చు. ఆ పక్క తలనొప్పి వస్తే వెంటనే చెప్పమని నర్సులు వచ్చినప్పుడల్లా గుర్తుచేశారు. ఆపరేషన్‌కు ముందు బీపీ దించవద్దన్నవారే తర్వాత పెరగనివ్వవద్దన్నారు. కారణం అర్థమైంది కాబట్టి గందరగోళపడలేదు. గొంతు కొన్నాళ్లు బొంగురుపోయింది. ఎడమ చెవి తమ్మె, దవడ అంచు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం చూడక తప్పదు.

ఇది చదివి ప్రతివారూ మెడ స్కాన్‌కు పరిగెత్తాలని నా ఉద్దేశం కాదు. ఏ లక్షణమూ లేని మామూలు జనానికి కెరోటిడ్ స్కాన్ చేయడం వద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లో మరోసారి చెప్పింది. అనవసరపు ఆపరేషన్ల వల్ల జరిగే నష్టం ఎక్కువ. ఇరుకు ఉందని ఇప్పటికే తేలినవారితోనే నా మాట. శాతంతో పాటు, తలలో మచ్చలున్నాయా, అవి ఏ ధమని పరిధిలోవి, నా వలయం ఎలా ఉంది అని అడగండి.

చూపులో పోయిన మూల తిరిగి రాలేదు, రాదన్నారు కూడా. కుడి కెరోటిడ్‌లో 45 శాతం ఇరుకుంది, దానికి మందులే. చెడ్డ కొలెస్టరాల్ 70 లోపు ఉంచమన్నారు, ఉంచుతున్నాను. వలయంలో లేని లంకెలు ఆపరేషన్‌తో వచ్చేవి కావు. ఎడమ సగం ఇప్పటికీ ఆ ఒక్క ధమని మీదే ఉంది, దాని దారి వెడల్పయిందంతే. అందుకే న్యూరాలజిస్టు గీసిన ఆ బొమ్మకు నకలు తీయించి ఫైలు పైన పెట్టాను. మోకాలికో పంటికో మత్తు ఇవ్వబోయే డాక్టరు అయినా, బీపీ మాత్ర మార్చబోయే డాక్టరు అయినా ముందు దాన్ని చూడాలి. కిందటిసారి డాప్లర్ తీసిన కుర్రాడు ఆ కాగితం చూసి, "ఇదేమిటి మాస్టారూ, వలయంలో సగం చెరిపేశారు?" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను.